అత్తగారి చెవి

చైతన్యకు సంగీతం రాదు. ఈ మాట అంటే అతనికి కోపం వస్తుంది గాని, నిజం. అతనికి వచ్చిందల్లా సంగీతాన్ని కంప్యూటర్ తెర మీద చూడటం. గొంతు పైకి వెళితే గీత పైకి వెళుతుంది, జారితే కిందకు దిగుతుంది. ఆ గీతను చూసి పాట బాగుందో లేదో చెప్పేస్తాడు. గీత కనబడకపోతే మాత్రం అతని చెవికి పెళ్లి సన్నాయీ, పెళ్లివారి కారు హారనూ ఇంచుమించు ఒకటే.

అయినా అతనికి ఒక స్టూడియో ఉంది. శంషాబాద్‌లో విమానాలు చక్రాలు దించుకుంటూ వచ్చే దారి కింద, చంద్రమ్మ అనే ఆవిడ కట్టించిన మూడంతస్తుల ఇంట్లో రెండో అంతస్తులో వీళ్లు అద్దెకుంటున్నారు. అందులో ఒక గదికి గోడల నిండా స్పాంజి అట్టలు అంటించి, కిటికీకి పాత పరుపు అడ్డం పెట్టి, దానికి స్టూడియో అని పేరు పెట్టాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఊడాక అతని పొద్దంతా ఆ గదిలోనే. భార్య చిన్మయి ఎయిర్‌పోర్టు కార్గోలో పని చేస్తుంది కాబట్టి ఇల్లు గడుస్తోంది.

యూట్యూబ్‌లో ఒక చానల్ కూడా నడుపుతున్నాడు. ఇంట్లోనే చవగ్గా మాస్టరింగ్ చేసుకోవడం ఎలా అన్నది దాని సంగతి. మాస్టరింగ్ అంటే పాట రికార్డు చేసి అన్నీ కలిపాక చివర్లో పెట్టే మెరుగు. పెద్ద స్టూడియోల వాళ్లు దానికి వాడే సరంజామా మామూలు వాళ్లు కొనలేరు. ఆ పనులు కంప్యూటర్‌లోనే చేసిపెట్టే చిన్న సాఫ్ట్‌వేర్లను ప్లగిన్లంటారు. మన చైతన్య ఏ ప్లగిన్ ధర ఎప్పుడు సగానికి సగం తగ్గుతుందో, ఏది కొన్నాళ్లు ఊరికే వాడుకోనిస్తారో, ఊరికే వాడుకునే వాటిలో మధ్యమధ్య కావాలని పెట్టే బుస్సుమనే చప్పుడును ఎలా భరించాలో ఓపిగ్గా చెబుతాడు. చూసేవాళ్లు బాగానే ఉన్నారు. వచ్చి పాట రికార్డు చేయించుకునేవాళ్లే లేరు.

ఆ రోజుల్లోనే అత్తామామలు వచ్చారు. అత్తాపూర్‌లో వాళ్లుండే అపార్ట్‌మెంట్ పాతబడిందని కూల్చి కొత్తది కడుతున్నారు. అది పూర్తయ్యేదాకా కూతురింట్లో ఉండక తప్పలేదు. అల్లుడి పంచన చేరానన్న అవమానం మామగారు భీమశంకరరావుని తొలిచేస్తూ ఉండేది. దాన్ని కప్పుకోవడానికి ఆయన రోజూ ఉదయం కాఫీ అయ్యాక గొంతు సవరించుకుని నాటక పద్యాలు పాడేవాడు.

భీమశంకరరావు తెనాలి వైపు మనిషి. ప్రభుత్వోద్యోగంలో పెద్ద పోస్టు దాకా వెళ్లి రిటైరయ్యాడు. ఆఫీసు వార్షికోత్సవాల్లో, ఉగాది సభల్లో ఆయన పద్యం లేకుండా కార్యక్రమం ముగిసేది కాదు. పద్యం చివర రాగం తీస్తుంటే కింది ఉద్యోగులు లేచి వన్స్‌మోర్ అని అరిచేవాళ్లు. బదిలీలు, సెలవులు ఎవరి చేతిలో ఉన్నాయో తెలిసినవాళ్లు అరవక ఏం చేస్తారు. ఆయన మాత్రం ఆ అరుపులన్నీ తన గొంతుకే అనుకున్నాడు. ఉద్యోగం పోయింది గాని ఆ నమ్మకం పోలేదు.

పాడేటప్పుడు ఆయన పక్కన భార్య కామాక్షి ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె పట్టుకుని కూర్చునేది. పెళ్లయిన కొత్తలో ఒకసారి చుట్టాలింట్లో ఆయన పద్యం పాడాడు, ఆ తర్వాత ఆవిడ ఒక కీర్తన పాడింది. వన్స్‌మోర్ ఆవిడకు పడింది. తిరిగి వచ్చేటప్పుడు రిక్షాలో ఆయన, ఒక ఇంటికి ఒక గొంతు చాలునే అన్నాడు. అంతే. ఆవిడ మళ్లీ నలుగురిలో నోరు తెరవలేదు. గుంటూరులో ఒక పంతులుగారి దగ్గర చిన్నప్పటి నుంచీ నేర్చుకున్న సంగీతమంతా ఆ పెట్టె దగ్గర చతికిలబడింది.

కాని గొంతు మూసుకున్నా చెవి మూసుకోదు. ఆవిడ చెవి గురించి ముందు కనుక్కున్నది ఇంటావిడ చంద్రమ్మ. చంద్రమ్మ ఇక్కడి మనిషే. వాళ్ల పొలాలు ఎయిర్‌పోర్టులో పోయాక ఈ ఇల్లు కట్టుకుంది. ఊరి భజన మండలిలో పాడుతుంది. ఒకరోజు మేడ మీద బట్టలు ఆరేస్తూ ఆవిడ పాడుకుంటుంటే, అవతలి తీగ మీద చీర వేస్తున్న కామాక్షి మెల్లగా, పైన షడ్జమం అందడం లేదండి, కొంచెం ముందు ఊపిరి తీసుకోండి అంది. చంద్రమ్మ అలాగే చేసింది. అందింది.

ఆ సాయంత్రం నుంచి చంద్రమ్మ శిష్యురాలైపోయింది. మేడ మీద చాప వేసుకుని కూర్చునేవాళ్లు. విమానం వస్తే ఆపేసి, అది వెళ్లాక ఆపిన చోటు నుంచే అందుకునేవాళ్లు. అంత మోతలోనూ కామాక్షికి శ్రుతి చెదిరేది కాదు. ఇదేందో చూద్దామని చంద్రమ్మ ఒకసారి కిందికి పోయి శ్రుతిపెట్టె తెచ్చి మోగించింది. కామాక్షి పట్టుకున్న స్వరం, పెట్టె పలికే స్వరం వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకటే. చంద్రమ్మ కాలనీ అంతా చెప్పుకుంది. కామాక్షి పైకి సిగ్గుపడింది గాని లోపల ఎంత పొంగిపోయిందో చెప్పలేం. ఆ వయసులో ఆవిడకు తనదంటూ మిగిలింది ఆ చెవి ఒక్కటే.

ఇలా ఉండగా మామగారి పద్యాలను రికార్డు చేయాలన్న ఆలోచన చైతన్యకు వచ్చింది. ప్రేమ కాదు. అత్తాపూర్‌లో మామగారి మిత్రుడొకాయన ఒక కళాపరిషత్తు నడుపుతున్నాడు. పద్యాల పిచ్చి ఉన్న రిటైరైన పెద్దమనుషులు అందులో బోలెడుమంది. మామగారి రికార్డింగు బాగా కుదిరితే వాళ్లంతా వరస కడతారని లెక్క. మామగారికి చెప్పగానే ఆయన మూడు రోజులు పెరుగు మానేసి మిరియాల పాలు తాగాడు.

రికార్డింగు రోజున ఎప్పటిలాగే కామాక్షి పక్కన కూర్చుని పెట్టె పట్టుకుంది. చానల్‌కు పనికొస్తుందని చైతన్య ఒక కెమెరా కూడా పెట్టాడు. ఆయన పాడాడు, రాగం తీశాడు, కళ్లు మూసుకుని తన గొంతుకు తనే తల ఊపుకున్నాడు. తర్వాత వెనకాల హార్మోనియం కలుపుదామని కూర్చుంటే చైతన్యకు చుక్కలు కనిపించాయి. పద్యం మొదట్లో కలిసిన హార్మోనియం చివరికి వచ్చేసరికి కలవడం లేదు. మామగారి గొంతు జారిందేమోనని గీత చూస్తే గొంతూ జారింది, శ్రుతిపెట్టే జారింది. రెండూ చెయ్యీ చెయ్యీ పట్టుకున్నట్టు కలిసి దిగుతున్నాయి.

పెట్టె పాడైందనుకున్నాడు. ఒక పూటంతా మోగించి చూశాడు. అది నిక్షేపంలా ఉంది. అప్పుడు కెమెరాలో తీసిన వీడియో వేసి చూశాడు. మామగారి గొంతు ఎక్కడ జారుతోందో సరిగ్గా అక్కడ అత్తగారి బొటనవేలు పెట్టె పక్కనున్న సన్నని మరను కదుపుతోంది. ఎవరికీ తెలియనంత మెల్లగా. ఆయన ఎంత దిగితే శ్రుతిని అంత దించుతోంది. ఆయన ఎప్పుడూ శ్రుతిలోనే ఉన్నట్టు వినబడుతుంది, ఆయనకీ, వినేవాళ్లకీ.

కాస్త బుర్రున్న మనిషైతే ఆ వీడియో అక్కడే చెరిపేసేవాడు. ఆ బొటనవేలి వెనక ఎన్నేళ్ల ఓర్పు ఉందో కాసేపైనా ఆలోచించేవాడు. చైతన్యకు మాత్రం అది తమాషాగా తోచింది. ఆదివారం భోజనాలయ్యాక అందర్నీ హాల్లో కూర్చోబెట్టి, ఒక విచిత్రం చూపిస్తానని చెప్పి, టీవీలో పెద్దది చేసి వేశాడు. అత్తగారి వేలు టీవీ నిండా కనబడింది. అది కదిలినప్పుడల్లా అతను ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ చూపించి నవ్వాడు. నవ్వింది అతనొక్కడే.

భీమశంకరరావు టీవీకేసి చూశాడు. ఆయనకు ముందు ఏమీ అర్థం కాలేదు, తర్వాత ముఖంలో భయం కనిపించింది. తను జారుతున్నానన్న నిజం ఒక్క క్షణం ఆయన గుమ్మం దాకా వచ్చి నిలబడింది. ఆయన దానికి తలుపు తీయలేదు.

"ఏమిటిది కామాక్షీ?" అన్నాడు.

కామాక్షి తల వంచుకుని ఉంది. నిజం చెబితే అల్లుడి ముందు, కూతురి ముందు ఆయన పరువు పోతుంది. ఆవిడకు అది చేతకాదు. "పైన మీకు శ్రమవుతుందేమోనని, కొంచెం దించేదాన్నండి," అంది.

"అంటే ఇన్నేళ్లూ నన్ను కిందకు లాగింది నువ్వా."

ఇక ఆయనకు అడ్డు లేకపోయింది. అందుకేనట ఆయనకు రేడియోలో అవకాశం రాలేదు. అందుకేనట నంది నాటక పోటీల్లో రెండో విడత దాటలేదు. గొంతు పైకి లేవాలనుకున్నప్పుడల్లా ఏదో బరువు లాగుతున్నట్టుండేదట, వయసనుకున్నాడట, ఇంట్లోనే ఉందని ఇప్పుడు తెలిసిందట. అప్పుడెప్పుడో చుట్టాలింట్లో పడ్డ వన్స్‌మోర్ కూడా బయటికి తీశాడు. ఆ కడుపుమంటతోనే ఆవిడ ఇంత పని చేసిందన్నాడు. చైతన్య రిమోట్ చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. తమాషా ఇటు తిరుగుతుందని అతను అనుకోలేదు. అనుకోనంత మాత్రాన నోరు విప్పాడా అంటే అదీ లేదు.

తర్వాత వంటింట్లో చిన్మయి తల్లిని నిలదీసింది. ఎందుకు పడి ఉన్నావు, నిజం చెప్పొచ్చుగా అంది. కామాక్షి గిన్నెలు తోముతూనే, "మీ నాన్నకు శ్రుతి నిలవదని మీ ఆయన ముందు చెప్పమంటావా?" అంది. ఆ మాట చాలా మామూలుగా, పాలు విరిగాయన్నట్టుగా చెప్పింది. ఆవిడకు అనుమానం లేదు. ఆయన ఎన్ని తిట్లు తిట్టినా ఆ ఒక్క సంగతి తనకు తెలుసు. ఆ తెలియడమే ఆవిడను నిలబెట్టింది. తిట్లు తిన్న మనిషిలా కాక, గుట్టు కాపాడిన మనిషిలా నిద్రపోయింది.

ఆ మర్నాటి నుంచి కామాక్షికి స్టూడియోలో ప్రవేశం లేదు. హెడ్‌ఫోన్స్‌లో కంప్యూటర్ శ్రుతి పెట్టుకుని భీమశంకరరావు కొత్తగా పాడాడు. కంప్యూటర్‌కు భర్త మీద జాలి ఉండదు కదా, శ్రుతి ఉన్నచోటే ఉంది. ఆయన మాత్రం ఎప్పటిలా జారాడు, ఇంకా ఎక్కువే జారాడు. తెర మీద గీత మెట్లు దిగినట్టు దిగుతూ పోయింది. కళ్లు తెరిచి ఎలా ఉందని అడిగాడు. చైతన్యకు అప్పుడు అంతా అర్థమైంది. అత్తగారు లాగలేదు, మోసింది. ఒక్క మాట చెప్పాల్సిన సమయం అది. అతను బొటనవేలు పైకెత్తి చూపించి, అద్భుతం మావయ్యగారూ అన్నాడు.

జారిన గొంతును లేపి శ్రుతిలో కూర్చోబెట్టే ప్లగిన్లు బజారులో చాలా ఉన్నాయి. మంచివి ఖరీదైనవి. చవక వాటిలో మంచిదేదో ఏరడమే కదా మనవాడి విద్య. మూడింటిని ఊరికే వాడుకునే గడువు మీద దించుకున్నాడు. కాని వాటిలో ఏది నప్పిందో తేల్చడం ఎలా? మూడింటి గీతలూ తిన్నగానే ఉన్నాయి. చెవితో తేల్చుకుందామంటే అతనికి చెవి లేదు. ఆ కొంపలో చెవి ఉన్నది ఒక్కరికే.

అప్పుడతనికి ఆ ఆలోచన వచ్చింది. నాకు తెలిసి అతని జీవితంలో అంత తెలివైన ఆలోచన ఇంకోటి లేదు, అంత నీచమైనదీ లేదు. అత్తగారిని పిలిచి, మావయ్యగారు వేరే వేరే రోజుల్లో, వేరే వేరే మైకుల్లో పాడినవి వినిపిస్తాను, ఏది సహజంగా ఉందో చెప్పండి అన్నాడు. తనను మళ్లీ ఆ గదిలోకి పిలిచారన్న సంతోషంతో కామాక్షి చెయ్యి కొంగుకు తుడుచుకుని వచ్చింది. అల్లుడి మాటను అనుమానించడం ఆవిడకు ఇంటావంటా లేదు.

మొదటిది విని, ఇది ఆయన గొంతులా లేదండి, ప్లాస్టిక్ బిందెలోంచి వస్తున్నట్టుంది అంది. చైతన్య మైకు సరిగ్గా లేదని చెప్పి ఆ ప్లగిన్‌ను తీసేశాడు. రెండోది విని, గమకం పోయిందేమిటండీ, రాగం జారుడుబల్ల మీద పోవాల్సింది నిచ్చెన దిగినట్టుంది అంది. అదీ తీసేశాడు. మూడోది కాస్త నయం. అందులో ఒక్కొక్క స్వరాన్నీ చేత్తో పట్టి జరుపుకోవచ్చు. పాడే మనిషి ఊపిరీ, గొంతులోని జీరా పోవు. చైతన్య దాని ముందు కూర్చుని రెండు రోజులు తిండి మానేసినంత పని చేశాడు. పైన పాత రికార్డుల్లో వచ్చే వెచ్చదనం కోసం ఇంకో చవక ప్లగిన్ వేశాడు. హాల్లో పాడినట్టు కొంచెం మోగింపు కలిపాడు. అంతా తిన్నగా ఉంటే అనుమానం వస్తుందని, ఇన్ని తప్పుల్లో ఏరి రెండు చిన్న తప్పులను మాత్రం అలాగే వదిలేశాడు.

కామాక్షి కళ్లు మూసుకుని వింది. మొదటి చోట ఆవిడ కనుబొమ్మ కదిలింది. రెండో చోట కూడా కదిలింది. మిగతా అంతా ఆవిడ ముఖంలో ఒక కలవరం పెరుగుతూ వచ్చింది. అయిపోయాక, రెండు చోట్ల పిసరంత జారారండి, మిగతాదంతా శ్రుతిలోనే ఉంది అంది. మళ్లీ ఒకసారి వేయమంది. మళ్లీ వింది. ఇది ఆయనే, అంది. చైతన్య ఆనందం పట్టలేక కుర్చీలో ఒక చుట్టు తిరిగాడు. ఆవిడ లేచి వెళ్లింది. అతను ఆ మూడో ప్లగిన్ కొనేశాడు.

ఆ రికార్డింగు ఆవిష్కరణ సభ అత్తాపూర్‌లో ఒక ఫంక్షన్ హాల్లో జరిగింది. భీమశంకరరావు జరీ పంచె కట్టుకుని వేదిక మీద కూర్చున్నాడు. ఎన్నో ఏళ్లుగా ఆయన పక్కన ఉండే కామాక్షి కింద ముందు వరసలో కూర్చుంది. రికార్డింగును పెద్ద స్పీకర్లలో వేశారు. తెల్లజుట్టు తలలన్నీ ఊగాయి. రాగం ముగియగానే ఎవరో వన్స్‌మోర్ అన్నారు, అందరూ అందుకున్నారు. మళ్లీ వేశారు. రికార్డుకు వన్స్‌మోర్ పడటం నేనెప్పుడూ వినలేదు. ఈసారి అరిచినవాళ్లకు ఆయనతో ఏ బదిలీ పనీ లేదు.

శాలువా కప్పాక ఆయన మైకు తీసుకున్నాడు. ఈ గొంతు ఇన్నాళ్లూ ఎందుకు బయటికి రాలేదో మీకు తెలియాలన్నాడు. శ్రుతిపెట్టె సంగతి, బొటనవేలి సంగతి పూసగుచ్చినట్టు చెప్పాడు, చేత్తో మర తిప్పి చూపించాడు. జనం పడీపడీ నవ్వారు. భార్యల మీద చెప్పుకునే జోకనుకున్నారు. "ఆవిణ్ణి తీసేశాక నేనెలా పాడానో ఇప్పుడే విన్నారు. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?" అని ముగించాడు. చప్పట్లు కొట్టినవాళ్లంతా ముందు వరసకేసి వంగి చూశారు. కామాక్షి కూడా చప్పట్లు కొడుతోంది.

కారులో తిరిగి వస్తుంటే ఎక్స్‌ప్రెస్‌వే మీద భీమశంకరరావు శాలువా విప్పకుండా కునుకు తీస్తున్నాడు. ఎప్పుడూ తల్లి పక్షాన ఉండే చిన్మయి కాసేపటికి వెనక్కి తిరిగి, కొంచెం ఇబ్బందిగా, "అమ్మా, నాన్న బాగానే పాడారు కదా," అంది. ప్లగిన్ సంగతి భర్త ఆమెకు చెప్పలేదు. కామాక్షి అవునంది.

మర్నాడు పొద్దున చైతన్య గదిలో ఉన్నాడు. అప్పటికే ఇద్దరు పెద్దమనుషులు ఫోన్ చేశారు, మా పద్యాలు కూడా భీమశంకరరావుగారి పద్యాల్లాగే రావాలని. అతను గాల్లో తేలుతున్నాడు. కామాక్షి కాఫీ గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టింది కాని వెళ్లలేదు. తలుపు దగ్గరకు వెళ్లి, వెనక్కి వచ్చింది. అల్లుడితో సూటిగా మాట్లాడటం ఆవిడకు అలవాటు లేదు. గోడ మీది స్పాంజి అట్టలకేసి చూస్తూ అడిగింది.

"ఏమీ అనుకోకండి అల్లుడుగారూ. ఆయన పాడింది పాడినట్టే ఉంచారా, మీరేమైనా సరిచేశారా?"

చైతన్య ఆవిడ ముఖం చూశాడు. ఆవిడకు ఏం కావాలో అతనికి తెలుసు. ఒక్కమాట చాలు. మీ చెవి నిజమే అత్తయ్యగారూ, నేనే సరిచేశాను, ఎవరికీ చెప్పకండి అంటే చాలు. ఆవిడ చచ్చినా ఎవరికీ చెప్పేది కాదు. ఆ ఒక్క మాట పట్టుకుని ఆవిడ మిగతా జీవితమంతా ఎన్ని నిందలైనా మోసేసేది. కాని అతనికి ఇంకోటి కూడా తెలుసు. ఇంత చెవినే బోల్తా కొట్టించానన్న గొప్ప, చెప్పిన మరుక్షణం పోతుంది. మామగారి మనసు కష్టపడుతుందని తనకు తాను చెప్పుకున్నాడు. పిరికితనానికి జాలి అని పేరు పెట్టుకోవడం అతనికి కొత్త కాదు.

"లేదండి," అన్నాడు. "సౌండ్ పెంచి మెరుగు పెట్టానంతే. శ్రుతి ఆయనదే."

"కంప్యూటర్‌లో కొలత కనబడుతుందటగా. అందులో కూడా సరిగ్గానే ఉందా?"

అతను తెర ఆవిడ వైపు తిప్పాడు. సరిచేసిన గీత చూపించాడు. అది తిన్నగా ఉంది. కామాక్షి కళ్లజోడు పైకి జరుపుకుని ఆ గీతను ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసింది. "అయితే ఇన్నేళ్లూ తప్పు విన్నది నేనేనన్నమాట," అంది. కాఫీ చల్లారిపోతుందని చెప్పి వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఆవిడ మేడ మీదకు వెళ్లలేదు. బట్టలు బాల్కనీలోనే ఆరేసింది. పొద్దున భర్త పద్యం ఎత్తుకుంటే లేచి వంటింట్లోకి పోయేది. ఒకరోజు కుక్కర్ కూతలు లెక్క తప్పి అన్నం మాడ్చింది. చెవులు సరిగ్గా పనిచేయడం లేదమ్మా, డాక్టరుకు చూపించుకోవాలేమో అని కూతురితో అంది. చిన్మయి నిజంగానే డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లింది. ఆయన పరీక్షలు చేసి చెవులు బ్రహ్మాండంగా ఉన్నాయన్నాడు. వినబడటం వేరు డాక్టరుగారూ అని ఆవిడ అంటే ఆయనకు అర్థం కాలేదు.

సాయంత్రాలు చాప వేసుకుని ఎదురుచూసీ చూసీ విసుగెత్తి చంద్రమ్మే వీళ్లింటికి వచ్చింది. భీమశంకరరావు అత్తాపూర్‌లో మిత్రులకు పాఠం చెప్పడానికి వెళ్లాడు. అవును, ఇప్పుడాయన పద్యం పాడటం నేర్పుతున్నాడు. చైతన్య సోఫాలో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు.

"ఏందక్కా, గిట్ల చేస్తివి? రేపు గుడికాడ భజన ఉన్నది. పక్క ఊరోళ్లు గూడ వస్తున్నరు. పైకి పోయేకాడ నాకు జర పరేషాన్ అయితున్నది, విని చెప్పు," అంది చంద్రమ్మ.

కామాక్షి ఇక పాఠం చెప్పనంది. ఇన్నాళ్లూ చెప్పినవి కూడా తప్పే అయ్యుంటాయి, క్షమించండి అంది. తన చెవి నమ్మదగ్గది కాదని తేలిందంది.

"ఎవలన్నరు గట్ల?"

"అల్లుడుగారు కంప్యూటర్‌లో కొలిచి చూశారండి."

చంద్రమ్మ చైతన్యకేసి చూసింది. అతను ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. చంద్రమ్మ అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. నీ చెవి సంగతి నాకు తెల్వదా అక్కా అని, అక్కడే కింద కూర్చుని, తొడ మీద తాళం వేసుకుంటూ పాట ఎత్తుకుంది. బాగా పాడుతోంది. పైకి వెళ్లేచోట ఊపిరి చాల్లేదు. షడ్జమం దాకా వెళ్లి, అందుకోలేక, కొంచెం కిందే ఆగింది. కామాక్షి కుడిచెయ్యి, ఆపమన్నట్టుగా, దానంతటది లేచింది. ఆవిడ దాన్ని చూసుకుని, ఎడమచేత్తో పట్టుకుని ఒళ్లో పెట్టుకుంది.

పాట అయిపోయింది. చంద్రమ్మ ఎదురుచూస్తోంది. కామాక్షి సోఫా వైపు తిరిగింది.

"మీరు చెప్పండి అల్లుడుగారూ. సరిగ్గా ఉందా?"

"నువ్వు చెప్పక్కా, ఆయన చెప్పుడేంది?" అంది చంద్రమ్మ.

కామాక్షి అతని వైపే చూస్తోంది. ఆ చూపులో ఎత్తిపొడుపు లేదు, కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడుగుతోంది. చైతన్య ముందు కంప్యూటర్ లేదు, గీత లేదు. అతనికి పాట పాటలాగే వినబడింది. ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి, బాగుందండి అన్నాడు.

చంద్రమ్మ జారిన సంగతి ఆ గదిలో ఒక్క మనిషికే వినబడింది. ఆ మనిషి బుద్ధిగా తల ఊపి, చంద్రమ్మ వైపు తిరిగింది.

"బాగుందట చంద్రమ్మగారూ. రేపు గుడి దగ్గర అలాగే పాడండి."